గయా సమాచారంతో నక్షత్ర గుచ్ఛం వయసును మీరే అంచనా వేయడం ఎలా?

నక్షత్ర గుచ్ఛాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా పాఠకులు అడిగే ప్రశ్న ఒకటే: ఫలానా గుచ్ఛం వయసు డెబ్బై కోట్ల సంవత్సరాలని శాస్త్రవేత్తలు ఏ ఆధారంతో చెబుతున్నారు, ఆ లెక్కను మనం సరిచూసుకునే వీలుందా? వీలుంది. ఐరోపా అంతరిక్ష సంస్థ 2013 డిసెంబరులో ప్రయోగించిన గయా వ్యోమనౌక సుమారు 180 కోట్ల ఖగోళ వస్తువుల స్థానాలనూ ప్రకాశాలనూ కొలిచింది. ఆ కొలతల మూడవ విడుదల, అంటే డీఆర్3, 2022 జూన్‌లో వెలువడింది; దానిని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మామూలు కంప్యూటరు, ఇంటర్నెట్, కొంత ఓపిక ఉంటే వృత్తి శాస్త్రవేత్తలు అనుసరించే దారిలోనే మీరూ నడిచి, ఒక గుచ్ఛం వయసును గౌరవించదగ్గ ఖచ్చితత్వంతో చెప్పగలుగుతారు.

ఒక విషయం ముందే గుర్తుంచుకోండి. వయసు తప్పుగా వచ్చినప్పుడు అందరూ చివరి దశను, అంటే గ్రాఫు మీద సిద్ధాంత రేఖను సరిపెట్టే పనిని అనుమానిస్తారు. నిజానికి చాలా తప్పులు అంతకు ముందే, గుచ్ఛానికి చెందిన తారలను చెందనివాటి నుంచి వేరుచేసే చోట జరిగిపోతాయి. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ ఎంపికకే కేటాయించాను.

తెలిసి ఉండవలసినంత సిద్ధాంతం

గుచ్ఛంలోని తారలన్నీ ఒకే వాయుమేఘం నుంచి, కొద్ది లక్షల నుంచి కొద్ది మిలియన్ల సంవత్సరాల వ్యవధిలో పుడతాయి. కాబట్టి వాటి వయసూ, రసాయనిక కూర్పూ దాదాపు ఒకటే. తేడా ఉండేది ద్రవ్యరాశిలోనే. బరువైన తార తన ఇంధనాన్ని వేగంగా ఖర్చు చేసుకుంటుంది. సూర్యుడి వంటి తార సుమారు వెయ్యి కోట్ల సంవత్సరాలు నిలకడగా వెలిగితే, సూర్యుడికి రెట్టింపు ద్రవ్యరాశి ఉన్నది దాదాపు వంద కోట్ల సంవత్సరాలకే ఆ దశను ముగిస్తుంది. పది రెట్లు ఉన్నది రెండు మూడు కోట్ల సంవత్సరాలకు మించి నిలవదు. తారల రంగును అడ్డంగానూ ప్రకాశాన్ని నిలువుగానూ పెట్టి గ్రాఫు గీస్తే, నిలకడ దశలో ఉన్నవన్నీ ప్రధాన శ్రేణి అనే వాలు గీత మీద వరుసగా కనిపిస్తాయి. గుచ్ఛం ముసలిదవుతున్న కొద్దీ ఆ గీత పైకొస నుంచి తరుగుతూ వస్తుంది. గీత తెగి కుడివైపుకు తిరిగే చోటును మలుపు బిందువు అంటారు. మనకు వయసు చెప్పేది అదే.

కావలసినవి

టాప్‌క్యాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అన్నిటికన్నా సులువు. ఖగోళ పట్టికలను తెచ్చుకోవడం, వడపోయడం, గ్రాఫులు గీయడం మూడూ అందులోనే అవుతాయి. పైథాన్ వచ్చినవారు ఆస్ట్రోపై, ఆస్ట్రోక్వెరీ ప్యాకేజీలతో ఇదే పని చేయవచ్చు. స్ప్రెడ్‌షీట్‌తోనూ సాధ్యమే గానీ, వేల వరుసల మీద గ్రాఫులో చేత్తో గీసి తారలను ఎంచుకునే సౌకర్యం అందులో ఉండదు కాబట్టి దానిని సిఫార్సు చేయను. వీటికి తోడు పార్సెక్ లేదా మిస్ట్ అనే తారల నమూనాల వెబ్‌సైట్ల నుంచి ఐసోక్రోన్లు కావాలి (ఈ పార్సెక్ నమూనా పేరు; దిగువ దూరాలకు వాడే పార్సెక్ కొలమానం వేరు). ఐసోక్రోన్ అంటే ఒకే వయసు, వేర్వేరు ద్రవ్యరాశులు గల తారలు గ్రాఫు మీద ఎక్కడెక్కడ ఉండాలో సిద్ధాంతం లెక్కగట్టి ఇచ్చే రేఖ.

దశలు

1. గుచ్ఛాన్ని ఎంచుకోండి. మొదటి ప్రయత్నానికి కర్కాటక రాశిలోని బీహైవ్ గుచ్ఛం, అంటే ఎం44, చాలా అనువైనది. దగ్గరగా ఉంది, మధ్యలో ధూళి తక్కువ, నేపథ్య తారల నుంచి దాని కదలిక స్పష్టంగా విడివడి కనిపిస్తుంది. అన్నిటికన్నా దగ్గరిదనే కారణంతో హయడీస్‌తో మొదలుపెట్టకండి. సుమారు 47 పార్సెక్‌ల (ఒక పార్సెక్ దాదాపు 3.26 కాంతి సంవత్సరాలు) దూరంలో ఉన్న ఆ గుచ్ఛం ఆకాశంలో ఎంతో విశాలంగా పరచుకుని ఉంటుంది. ఒకే దిశలో ప్రయాణిస్తున్న దాని తారల కదలికలు కూడా మనకు వేర్వేరు దిశల్లో కనిపిస్తాయి. దిగువ చెప్పే పద్ధతి దానికి పనిచేయదు.

2. సమాచారాన్ని దింపుకోండి. టాప్‌క్యాట్‌లోని కోన్ సెర్చ్ (ఒక బిందువు చుట్టూ ఉన్న వృత్తంలోని తారలను వెతికే సాధనం) ద్వారా గయా డీఆర్3 పట్టికను ఎంచుకుని, కేంద్రంగా విషువాంశం (ఆకాశంలో రేఖాంశం వంటిది) 130.1 డిగ్రీలు, క్రాంతి (అక్షాంశం వంటిది) +19.7 డిగ్రీలు, వ్యాసార్ధంగా 3 డిగ్రీలు ఇవ్వండి. రెండు కొలతలూ డిగ్రీలలోనే ఉండాలి. విషువాంశాన్ని గంటల్లో ఇస్తే ఆకాశంలో ఇంకేదో మూల తారలు వచ్చి పడతాయి. ఖగోళ పట్టికల భాండాగారమైన విజియర్ వెబ్‌పేజీ నుంచి దింపుకునేవారు వరుసల పరిమితిని మార్చడం మరవకూడదు. మీరు మార్చకపోతే అది మొదటి 50 వరుసలు మాత్రమే ఇస్తుంది. పట్టిక అనుమానాస్పదంగా చిన్నదిగా వస్తే ముందు చూడవలసింది ఈ పరిమితినే.

3. కదలిక ఆధారంగా వడపోయండి. ఈ దశ దగ్గర తొందరపడకండి. విషువాంశ దిశలో స్వీయ చలనాన్ని (ఆకాశంలో తార ఏటా జరిగే కోణాన్ని) అడ్డంగా, క్రాంతి దిశలో స్వీయ చలనాన్ని నిలువుగా పెట్టి గ్రాఫు గీయండి. నేపథ్య తారలు సున్నా చుట్టూ పెద్ద మచ్చలా గుమిగూడతాయి. వాటికి దూరంగా, ఏడాదికి −36, −13 మిల్లీ ఆర్క్‌సెకన్ల (డిగ్రీలో 3,600వ వంతు ఆర్క్‌సెకన్, అందులో వెయ్యో వంతు మిల్లీ ఆర్క్‌సెకన్) దగ్గర మరో చిన్న గుంపు కనిపించాలి. అదే ఎం44. గుంపు కనిపించకపోతే జి మాగ్నిట్యూడ్ (గయా కొలిచిన ప్రకాశం; సంఖ్య పెరిగిన కొద్దీ తార మసక) 15 కన్నా మసకగా ఉన్న తారలను తాత్కాలికంగా తీసివేసి చూడండి. మసక తారల కొలతల్లో లోపం ఎక్కువగా ఉండి గుంపును చెరిపేస్తుంది.

ఇప్పుడు ఆ గుంపు చుట్టూ ఎంత పెద్ద వలయం గీయాలన్నది ప్రశ్న. గ్రాఫులో చిక్కగా ఉన్న నడిబొడ్డును మాత్రమే చుట్టి ఊరుకోవడం కొత్తవారు తరచుగా చేసే పని. కానీ గుచ్ఛంలోని తారలు ఒకదాని చుట్టూ ఒకటి కదులుతుంటాయి. ఎం44 దూరంలో ఆ అంతర్గత చలనమే ఏడాదికి దాదాపు ఒక మిల్లీ ఆర్క్‌సెకన్ వ్యాప్తిని తెస్తుంది. దానికి తోడు ఈ గుచ్ఛం మన నుంచి సెకనుకు సుమారు 35 కిలోమీటర్ల వేగంతో దూరమవుతూ ఉండటం వల్ల, కేంద్రానికి 3 డిగ్రీల అవతల ఉన్న సభ్యతార కదలిక కేంద్రంలోని తార కదలిక కన్నా మరో 2 మిల్లీ ఆర్క్‌సెకన్లు తేడాగా కనిపిస్తుంది. కాబట్టి 3 మిల్లీ ఆర్క్‌సెకన్ల వ్యాసార్ధం గల వలయం సమంజసం. అంతకన్నా బిగిస్తే అంచున ఉన్న అసలు సభ్యులే జారిపోతారు.

ఇక్కడే ఇంకొక హెచ్చరిక. గయా పట్టికలో విషువాంశ దిశ చలనం ఇప్పటికే క్రాంతి కొసైన్‌తో గుణించి ఉంటుంది. పాత పుస్తకాలు చూసి మీరు మళ్లీ గుణిస్తే మొత్తం గుంపు పక్కకు జరుగుతుంది.

4. దూరం ఆధారంగా వడపోయండి. మిగిలిన తారల పారలాక్స్‌కు (భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల తార జరిగినట్టు కనిపించే కోణం; దూరం పెరిగితే అది తగ్గుతుంది) హిస్టోగ్రామ్ గీయండి. 5.4 మిల్లీ ఆర్క్‌సెకన్లకు కాస్త దిగువన స్పష్టమైన శిఖరం ఉండాలి. అది సుమారు 186 పార్సెక్‌ల దూరానికి సమానం. 4.9 నుంచి 5.9 వరకు ఉంచుకోండి. ఇంత వెడల్పు ఎందుకంటే, గుచ్ఛం ముందు అంచుకూ వెనుక అంచుకూ మధ్య సుమారు ఇరవై పార్సెక్‌ల లోతు ఉంటుంది. దాని వల్లనే కేంద్రానికి అటూ ఇటూ 0.3 మిల్లీ ఆర్క్‌సెకన్ల వరకు నిజమైన తేడా వస్తుంది. మిగిలినది కొలత లోపానికి వదిలే చోటు. జి మాగ్నిట్యూడ్ 15 వరకు ఆ లోపం 0.03 దాకానే ఉంటుంది గానీ 17 దగ్గర 0.07కు, 20 దగ్గర 0.5కు పెరుగుతుంది. అందువల్ల 19 కన్నా మసక తారలను పూర్తిగా వదిలేయడం మేలు.

5. ఎంపికను పరీక్షించండి. చాలామంది వదిలేసే ఈ దశను నేను తప్పనిసరి అంటాను. స్వీయ చలన గ్రాఫులో గుచ్ఛానికి దూరంగా, కానీ సున్నా నుంచి దాదాపు అంతే ఎడంలో ఇంకొక చోట అదే వ్యాసార్ధంతో వలయం గీసి, అదే పారలాక్స్ పరిమితులు పెట్టి, ఎన్ని తారలు వస్తాయో లెక్కించండి. మీ సభ్యుల జాబితాలో కలిసిపోయిన పరాయి తారల సంఖ్య ఇంచుమించు అంతే ఉంటుంది. అది జాబితాలో పదో వంతుకు లోపల ఉంటే ముందుకు సాగవచ్చు. మూడో వంతు దాకా ఉంటే వలయాన్ని తగ్గించండి లేదా మసక తారలను ఇంకా కొన్నిటిని విడిచిపెట్టండి.

6. నిరపేక్ష మాగ్నిట్యూడ్, అంటే తార 10 పార్సెక్‌ల దూరంలో ఉంటే కనిపించే ప్రకాశం, లెక్కించండి. సూత్రం ఇది:

నిరపేక్ష జి = జి + 5 × లాగ్(పారలాక్స్) − 10

లాగ్ పదవ ఆధారానిది కావాలి, పారలాక్స్ మిల్లీ ఆర్క్‌సెకన్లలో ఉండాలి. ఎం44 వంటి దగ్గరి గుచ్ఛానికి ఒక్కొక్క తార పారలాక్స్‌నే వాడవచ్చు. సుమారు 860 పార్సెక్‌ల దూరంలోని ఎం67 అనే ముసలి గుచ్ఛం వంటివాటికి అలా చేయకండి. అక్కడ కొలత లోపం గుచ్ఛం అసలు లోతు కన్నా ఎన్నో రెట్లు పెద్దది కాబట్టి సభ్యులందరికీ సగటు పారలాక్స్ ఒక్కటే వాడాలి. గయా పారలాక్స్‌లు వాస్తవం కన్నా 0.02 నుంచి 0.04 మిల్లీ ఆర్క్‌సెకన్లు తక్కువగా ఉంటాయన్నది కూడా లెక్కలోకి తీసుకోండి. 0.03 కలిపితే ఎం44 విషయంలో మాగ్నిట్యూడ్ నూరో వంతుకు అటూ ఇటూగానే మారుతుంది. ఎం67కు మాత్రం 0.06 దాకా మారుతుంది.

7. గ్రాఫు గీయండి. అడ్డంగా బీపీ−ఆర్పీ రంగు (గయా నీలి, ఎర్ర పట్టీలలో కొలిచిన మాగ్నిట్యూడ్‌ల తేడా), నిలువుగా నిరపేక్ష జి. నిలువు అక్షాన్ని తలకిందులు చేయండి, ఎందుకంటే మాగ్నిట్యూడ్ సంఖ్య తగ్గిన కొద్దీ ప్రకాశం పెరుగుతుంది.

8. ధూళి ప్రభావాన్ని సరిచేయండి. దారిలోని ధూళి తారలను మసకబరచడమే కాదు, ఎర్రగానూ చూపిస్తుంది. గయా రంగులో వచ్చే ఎర్రదనం సంప్రదాయ బీ−వీ (నీలి, దృశ్య పట్టీల తేడా) ఎర్రదనానికి సుమారు 1.34 రెట్లు, జి లో వచ్చే మసక సుమారు 2.7 రెట్లు. ఎం44కు బీ−వీ ఎర్రదనం 0.03 లోపే కాబట్టి దిద్దుబాటు స్వల్పం. ఎం67కు అది 0.04 దగ్గర, అంటే జి లో 0.1 మాగ్నిట్యూడ్. ఈ మొత్తాలను తారల నుంచి తీసివేయండి లేదా ఐసోక్రోన్‌కు కలపండి, రెండూ చేయకండి.

9. ఐసోక్రోన్లను సరిపోల్చండి. గయా డీఆర్3 ఫోటోమెట్రీ వ్యవస్థను ఎంచుకుని, ఎం44కు సూర్యుడి కన్నా కాస్త ఎక్కువ లోహాంశంతో (హీలియం కన్నా బరువైన మూలకాల పాలు), 0.15 డెక్స్ (లాగ్ కొలమానం) దగ్గర, లాగ్ వయసు (సంవత్సరాల సంఖ్యకు పదవ ఆధారపు లాగ్) 8.6 నుంచి 9.0 వరకు 0.1 అంతరంతో రేఖలు దింపుకోండి. వాటిని మీ గ్రాఫు మీద పరిచి, పైభాగంలోని మలుపుకూ కుడివైపున్న అరుణ బృహత్తారలకూ ఏది సరిపోతుందో చూడండి. ప్రధాన శ్రేణి దిగువ భాగానికి సరిపోయే రేఖ కోసం వెతకకండి. అక్కడ అన్ని వయసుల రేఖలూ ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి ఆ భాగం దూరాన్నీ లోహాంశాన్నీ పరీక్షిస్తుందే తప్ప వయసును చెప్పదు. ఎం44 వయసుగా పరిశోధకులు సాధారణంగా చెప్పేది అరవై నుంచి ఎనభై కోట్ల సంవత్సరాలు. మీ సమాధానం 8.75, 8.9ల మధ్య ఉంటే పని సరిగా జరిగినట్లే.

తరచుగా ఎదురయ్యే చిక్కులు

ప్రధాన శ్రేణికి పైన, దానికి సమాంతరంగా మరో పలుచని వరుస కనిపించినప్పుడు చాలామంది అది రెండో గుచ్ఛమని, లేదా రెండో తరం తారలని అనుకుంటారు. అవి జంట తారలు. ఒకేలాంటి రెండు తారలు విడిగా కనిపించనంత దగ్గరగా ఉంటే వాటి మొత్తం ప్రకాశం రెట్టింపై, రంగు మారకుండా 0.75 మాగ్నిట్యూడ్ పైకి జరుగుతుంది. ఐసోక్రోన్‌ను ఈ రెండు వరుసల నడిమధ్య నుంచి పోనివ్వకూడదు. దిగువ వరుస వెంటే నడిపించాలి. మధ్యగా పోనిస్తే దూరం తప్పుగా వచ్చిందనే భ్రమ కలుగుతుంది. ఆర్‌యూడబ్ల్యూఈ అనే నాణ్యతా సూచిక 1.4 దాటిన తారలను తీసివేస్తే జంటలలో కొన్ని పోతాయి, అన్నీ పోవు.

శ్రేణి అడుగున, ఎర్రటి మసక తారలు సిద్ధాంత రేఖకు ఎడమవైపు వంగిపోతే గాభరా పడనవసరం లేదు. అతి మసక తారల నీలి కాంతిని గయా ఉన్నదాని కన్నా ఎక్కువగా నమోదు చేస్తుంది. ఆ భాగం వయసు నిర్ణయానికి అక్కరలేదు కనుక వదిలేయండి.

మలుపు బిందువుకు పైన, ఎడమవైపు ఒకటి రెండు తారలు మిగిలిపోతే, వాటిని అందుకోవడానికి వయసును తగ్గించకండి. ముసలి గుచ్ఛాలలో ఉండకూడనంత నీలంగా వెలిగే ఇలాంటి తారలను అలన్ శాండేజ్ 1953లో ఎం3 గుచ్ఛంలో గుర్తించారు; బ్లూ స్ట్రాగ్లర్లు అని పేరు. జంటలో ఒకటి రెండోదాని ద్రవ్యాన్ని లాక్కోవడం వల్ల లేదా రెండూ కలిసిపోవడం వల్ల అవి ఏర్పడతాయి. ఎం67లో ఇవి ప్రస్ఫుటంగా కనిపిస్తాయి. వాటిలో అన్నిటికన్నా పైన ఉన్నదాన్ని మలుపు అనుకుంటే నాలుగు వందల కోట్ల సంవత్సరాల గుచ్ఛం ఒక్కసారిగా యవ్వనంలోకి వచ్చేస్తుంది.

వయసు విలువను చదవడంలోనూ పొరబడతారు. 8.8 అంటే 880 కోట్లు కాదు; పదికి 8.8 ఘాతం, అంటే 63 కోట్ల సంవత్సరాలు. లాగ్‌లో 0.1 తేడా వయసులో పాతిక శాతం తేడా అవుతుంది.

ఫలితాన్ని ఎలా సరిచూసుకోవాలి?

సూర్యుడితో మొదలుపెట్టండి. గయా కొలమానంలో సూర్యుడి రంగు సుమారు 0.82, నిరపేక్ష జి సుమారు 4.7. మీ గ్రాఫులో ప్రధాన శ్రేణి ఆ బిందువుకు దగ్గరగా పోవాలి; ఎం44లో లోహాంశం ఎక్కువ కాబట్టి కొద్దిగా పైనుంచి పోవడం సహజం. అర మాగ్నిట్యూడ్ తేడా వస్తే ఆరవ దశలోని సూత్రాన్ని మళ్లీ చూడండి. తరువాత రంగు 1.1 పరిసరాల్లో, నిరపేక్ష జి సున్నా దగ్గర నాలుగైదు అరుణ బృహత్తారలు కనబడుతున్నాయేమో చూడండి. అవి జాబితాలో లేకపోతే మీ వలయం ప్రకాశవంతమైన సభ్యులనే వదిలేసింది. అలాగే గ్రాఫులో ఎడమవైపు అడుగున, నిరపేక్ష జి 11–12 దగ్గర కొన్ని శ్వేత కుబ్జ తారలు ఉండాలి. ఒకప్పుడు ఈ గుచ్ఛంలో అన్నిటికన్నా బరువైన తారలలో భాగమైనవాటి అవశేషాలు అవి.

ఆ తరువాత వలయం వ్యాసార్ధాన్ని 2కూ 4కూ మార్చి మొత్తం పనిని మళ్లీ చేయండి. మలుపు కదలకపోతే మీ వయసు నమ్మదగినది. కదిలితే అది తారల వయసు కాదు, మీరు గీసిన వలయం తెచ్చిన సంఖ్య. ఫలితాన్ని ఒకే అంకెగా చెప్పడం నాకు సమ్మతం కాదు. తారల స్వీయ భ్రమణ వేగాల్లోని తేడాలే ఈ వయసు గుచ్ఛాలలో మలుపును వెడల్పుగా పరుస్తాయి కాబట్టి, "అరవై నుంచి ఎనభై కోట్లు" అన్నట్టు అవధితో చెప్పడమే నిజాయితీ.

పరిణామాన్ని ఒకే గ్రాఫులో చూడాలంటే

ఎం44తో చేయి తిరిగాక కృత్తికలకూ ఎం67కూ ఇదే పని చేసి, మూడింటినీ ఒకే గ్రాఫు మీద వేయండి. కృత్తికలకు కేంద్రం 56.75, +24.1 డిగ్రీలు; చలనం +20, −45.5, పారలాక్స్ 7.4 దగ్గర. ఎం67కు కేంద్రం 132.85, +11.8, చలనం −11, −2.9, పారలాక్స్ 1.15 దగ్గర, దీనికి అర డిగ్రీ వ్యాసార్ధంతో మొదలుపెట్టి, చలన వలయాన్ని 0.8కు తగ్గించాలి. మూడు గీతలూ అడుగున కలిసి నడుస్తూ, పైన వేర్వేరు ఎత్తుల్లో తెగిపోవడం మీకు కనిపిస్తుంది: సుమారు పన్నెండు కోట్ల సంవత్సరాల కృత్తికలలో నీలి తారల దాకా, ఎం44లో తెల్లని తారల దాకా, ఎం67లో రంగు 0.7 దగ్గర, దాదాపు సూర్యుడి వంటి తారల దాకా. కృత్తికల మలుపు మాత్రం కొద్దిపాటి అతి ప్రకాశవంతమైన తారల మీదే ఆధారపడి ఉంటుంది, వాటి గయా కొలతలు అంత నమ్మదగినవి కావు; అందుకే ఆ గుచ్ఛానికి చిన్న తారలలో మిగిలిన లిథియం ఆధారంగా వయసు కట్టే పద్ధతి మెరుగైనది.

గుచ్ఛం రూపం ఎలా మారుతుందో కూడా మీ జాబితాలోనే ఉంది. ఎం44 సభ్యులను నిరపేక్ష జి 4 కన్నా ప్రకాశవంతమైనవి, 6 నుంచి 9 మధ్య ఉన్నవి అని రెండుగా విడదీసి, కేంద్రం నుంచి ఒక్కో వర్గం మధ్యస్థ దూరం లెక్కించండి. బరువైనవి కేంద్రానికి దగ్గరగా ఉంటాయి. తారలు ఒకదాని పక్క నుంచి మరొకటి పోతున్నప్పుడు బరువైనవి శక్తిని కోల్పోయి లోపలికి దిగుతాయి, తేలికైనవి ఆ శక్తిని అందుకుని వెలుపలికి పోతాయి. కొన్ని గుచ్ఛాన్నే విడిచిపోతాయి కూడా. ఎం44 నుంచి అలా జారిన తారల తోకలను 2019లో గయా సమాచారంలోనే గుర్తించారు, అవి మీ 3 డిగ్రీల వృత్తానికి చాలా వెలుపల ఉన్నాయి. అయితే పరాయి తారలు ఎక్కువగా కలిసేది మసక వర్గంలోనూ అంచుల్లోనూ కాబట్టి, అయిదవ దశలోని లెక్కను రెండు వర్గాలకూ విడివిడిగా చేశాకే ఈ తేడాను నమ్మండి. ఈ పోలికకు ఆర్‌యూడబ్ల్యూఈ వడపోత వాడకూడదు. జంట తారలు బరువైనవి, వాటిని తీసేస్తే మీరు వెతుకుతున్నదాన్నే తగ్గించుకున్నట్లవుతుంది.

ఎం13 వంటి గోళాకార గుచ్ఛాలకు ఈ పద్ధతిని నేరుగా వాడలేరు. ఏడు వేల పార్సెక్‌లకు పైగా దూరంలో ఉన్న ఆ గుచ్ఛం పారలాక్స్ 0.14 మిల్లీ ఆర్క్‌సెకన్లకు మించదు; గయా కొలతల్లోని 0.03 లోపం అందులో అయిదో వంతు. అక్కడ సభ్యుల ఎంపికకు స్వీయ చలనాన్నే నమ్ముకుని, దూరాన్ని ఆర్ఆర్ లైరా చరతారల (వెలుగు మారుతూ ఉండే, నిజ ప్రకాశం తెలిసిన తారలు) వంటి ఇతర ఆధారాల నుంచి తీసుకుని, తరువాత ఏడవ దశ నుంచి కొనసాగించాలి.